బీపీ అదుపులోకి రావడం లేదా? హైదరాబాదులో మన ముందున్న దారులు, వాటి మంచిచెడ్డలు

బీపీ ఉందని తేలి, మాత్రలు మొదలుపెట్టి ఏడాది దాటినా పై అంకె 150 కిందికి దిగనివాళ్లు మన ఇళ్లలో, మన వీధుల్లో చాలామందే ఉన్నారు. అలాంటివాళ్లు డాక్టరును గానీ, తోటి ఉద్యోగులను గానీ ముందుగా అడిగేది ఇంతకన్నా మంచి మాత్ర ఏదైనా ఉందా అనే. మాత్ర మార్చవలసిన అవసరం కొందరికి నిజంగానే ఉంటుంది. అయితే బీపీ అదుపు తప్పడానికి గల కారణాలను ఓపికగా పరిశీలిస్తే మందు పేరు ఆ వరసలో చాలా కింద కనిపిస్తుంది. మధ్యమధ్యలో మాత్ర మానేయడం, తప్పుగా కొలవడం, అంకె ఎక్కువగా ఉన్నా పాత చీటీలోని మందులనే మళ్లీ రాయించుకుని రావడం, తిండిలో ఉప్పు, మోకాళ్ల నొప్పులకు సొంతంగా కొనుక్కుని వేసుకునే మాత్రలు, ఇంకా బయటపడని కిడ్నీ జబ్బు, ఇవన్నీ దానికంటే ముందు నిలుస్తాయి.

అందువల్ల కింద చెప్పే ప్రతి ఎంపికనూ నేను ఒకే కొలమానంతో చూస్తున్నాను. సంవత్సరాల తరబడి తెగకుండా సాగించగలిగినది ఏదో అదే మంచి ఎంపిక. ఎంత గొప్ప వైద్యమైనా మూడు నెలలకు ఆగిపోయేదైతే, అందుబాటులో ఉండి ఇరవై ఏళ్లు సాగే సాధారణ వైద్యం దానికన్నా నయం.

లక్ష్యం ఏమిటో ముందే తెలుసుకోవడం అవసరం. ఆసుపత్రిలో కొలిచినప్పుడు 140/90 కంటే తక్కువ ఉండాలన్నది కనీస లక్ష్యం. షుగరు, గుండెజబ్బు, కిడ్నీజబ్బు ఉన్నవారికి 130/80 కంటే కిందికి తేవాలని డాక్టర్లు చూస్తారు. మిగతావారిలోనూ కళ్లు తిరగడం వంటి ఇబ్బంది లేకపోతే అంతవరకూ తేవడం మేలే. ఇంట్లో కొలిచిన అంకెలకు మాత్రం హద్దు కొంచెం వేరు. ఇంటి కొలతల సగటు 135/85 దాటితే బీపీ ఎక్కువగా ఉన్నట్టే. బాగా వయసు మళ్లి, బలహీనపడి, లేచి నిలబడితే తూలిపోయేవారికి ఎంత దాకా తగ్గించాలన్నది వాళ్లను చూస్తున్న డాక్టరే నిర్ణయించాలి.

కొలత: షాపులోనా, ఆసుపత్రిలోనా, ఇంట్లోనా?

అమీర్‌పేట ట్రాఫిక్‌లో బండి నడుపుకుంటూ వచ్చి, మందుల షాపు కౌంటరు దగ్గర నిలబడి, చొక్కా చేతి మీదుగానే పట్టీ చుట్టించుకుని, షాపతనితో మాట్లాడుతూ చూపించుకున్న బీపీని లెక్కలోకి తీసుకోకపోవడమే మంచిది. నిలబడి ఉండటం, చెయ్యి ఆనకుండా వేలాడటం, మాట్లాడటం, అప్పుడే టీ తాగి ఉండటం లేదా సిగరెట్ కాల్చి ఉండటం, మూత్రం ఆపుకుని ఉండటం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అంకె పెరుగుతుంది. రెండు మూడు కలిస్తే బీపీ అదుపులో ఉన్న మనిషికి కూడా లేనట్టే కనిపిస్తుంది. ఆ ఒక్క అంకెను చూసి భయపడి మాత్రలు పెంచుకునేవారూ ఉన్నారు, మరో రోజు తక్కువగా కనిపించిందని మానేసేవారూ ఉన్నారు. రెండోది మరింత ప్రమాదం.

ఆసుపత్రిలోని కొలత షాపు కొలత కంటే మెరుగే గానీ, డాక్టరును చూడగానే బీపీ పెరిగేవాళ్లు కొందరు ఉంటారు. దీనికి విరుద్ధంగా అక్కడ మామూలుగా ఉండి, ఇంట్లోనో ఆఫీసులోనో పెరిగేవాళ్లూ ఉంటారు. ఈ రెండో రకం వారి బీపీ ఏళ్ల తరబడి ఎవరి కంటా పడకుండా గుండెకూ కిడ్నీలకూ చేటు చేస్తూ పోతుంది. కాబట్టి కొనగలిగినవారికి ఇంట్లో ఒక బీపీ మిషన్ ఉండటం మంచి ఖర్చే అని నా అభిప్రాయం.

మిషన్లలో మణికట్టుకు కట్టేవి చిన్నగా, తేలికగా ఉంటాయి, కానీ చెయ్యి గుండె ఎత్తుకు సరిగ్గా లేకపోతే అంకె తప్పుతుంది. మోచేతి పైన, దండకు కట్టే ఆటోమేటిక్ మిషనే కొనాలి. చేతి గడియారాలు చూపించే బీపీని నమ్ముకుని మాత్రలు మార్చుకోకూడదు. కొనే మోడల్‌ను ప్రమాణాల ప్రకారం పరీక్షించారో లేదో స్ట్రైడ్ బీపీ అనే అంతర్జాతీయ జాబితాలో ఉచితంగా చూసుకోవచ్చు. పేరున్న కంపెనీది అన్న ఒక్క కారణం సరిపోదు, ఎందుకంటే ఒకే కంపెనీ మిషన్లలో కొన్ని పరీక్షకు నిలిచినవి, కొన్ని అసలు పరీక్షించనివి ఉంటాయి. చాలామంది చూడనిది పట్టీ సైజు. కుట్టుపనికి వాడే టేపుతో దండ మధ్యలో చుట్టుకొలత తీసుకుని, పెట్టె మీద రాసి ఉన్న సెంటీమీటర్లతో పోల్చుకోవాలి. లావైన చేతికి చిన్న పట్టీ చుడితే బీపీ లేనిపోనిదంతా ఎక్కువగా చూపిస్తుంది. గుండె లయ తప్పి కొట్టుకునే జబ్బు ఉన్నవారిలో ఈ మిషన్లు కొన్నిసార్లు పొరపడతాయి, అందువల్ల వాళ్లు డాక్టరును అడిగే కొనాలి.

కొలిచే పద్ధతి ఇలా ఉండాలి. పొద్దున లేచి, మూత్రవిసర్జన ముగించుకుని, టీకీ మాత్రకూ ముందే, వీపుకు ఆనుడు ఉన్న కుర్చీలో, కాలు మీద కాలు వేసుకోకుండా, పాదాలు నేలకు ఆనించి కూర్చోవాలి. చెయ్యి భోజనాల బల్ల మీద, అవసరమైతే ఒక దిండు వేసి, గుండె ఎత్తుకు ఉంచాలి. అయిదు నిమిషాలు మాటామంతీ లేకుండా, టీవీ కట్టేసి, ఫోను పక్కన పెట్టి ఉండాలి. తరువాత నిమిషం తేడాతో రెండుసార్లు కొలిచి రెండూ రాసుకోవాలి. రాత్రి పడుకునే ముందు మళ్లీ అలాగే. డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు వారం రోజులు ఈ విధంగా రాసి, మొదటి రోజు అంకెలు వదిలేసి, మిగిలినవాటి సగటు చూపిస్తే వైద్యం మార్చాలా వద్దా అన్నది స్పష్టంగా తేలుతుంది. ఏడాది పొడుగునా రోజుకు పదిసార్లు కొలుచుకోవడం మాత్రం వద్దు. ఆందోళన పెరిగి, ఆ ఆందోళనే అంకెను పెంచుతుంది.

ఇంటి కొలతకూ ఆసుపత్రి కొలతకూ పొంతన కుదరకపోతే, 24 గంటల పాటు చేతికి మిషన్ కట్టి పంపే పరీక్ష పెద్ద ఆసుపత్రుల్లో ఉంది. అందరికీ అక్కర్లేదు.

ఎక్కడ చూపించుకోవాలి?

నగరంలో మూడు దారులు ఉన్నాయి: బస్తీ దవాఖానా లేదా పట్టణ ఆరోగ్య కేంద్రం, ఇంటి దగ్గరి ప్రైవేటు క్లినిక్, పెద్ద ఆసుపత్రి.

బస్తీ దవాఖానాలు హైదరాబాదులో 2018లో మొదలయ్యాయి. డాక్టరు చూడటం, మందులు, రక్తపరీక్షలకు నమూనా ఇవ్వడం అన్నీ అక్కడ ఉచితం. నమూనాలు తెలంగాణ డయాగ్నొస్టిక్స్ ల్యాబులకు వెళతాయి. దీని వెనుక మరో బలం కూడా ఉంది. 2017 చివర్లో దేశంలో మొదలైన భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమంలో తొలి అయిదు రాష్ట్రాలలో తెలంగాణ ఒకటి. ఏ మందుతో మొదలుపెట్టాలి, నెల తరువాత అంకె తగ్గకపోతే ఏది కలపాలి అన్నది ముందే మెట్లుమెట్లుగా నిర్ణయించుకుని, ఆ కొద్ది రకాల మందులు ఎప్పుడూ నిల్వ ఉండేలా చూసి, రోగి మళ్లీ వచ్చాడా లేదా అని గుర్తుపెట్టుకుని అడగడం ఆ కార్యక్రమపు పద్ధతి. బీపీ వైద్యానికి అవసరమైనది నూటికి తొంభై పాళ్లు ఇదే. ఉచితం కాబట్టి నాసిరకం అన్న భావన చాలామందిలో ఉంది, అది సరికాదు. అక్కడ ఇచ్చే ఆమ్లోడిపిన్, టెల్మిసార్టాన్ మందులే ప్రైవేటు చీటీల్లోనూ ఎక్కువగా కనిపిస్తాయి.

లోటుపాట్లూ ఉన్నాయి. పనివేళలు పగటిపూటే కాబట్టి రోజుకూలీకి వెళ్లేవారు ఒక పూట కూలి పోగొట్టుకోవలసి వస్తుంది. ఈ నెల ఇచ్చిన మాత్ర తెల్లగా గుండ్రంగా ఉండి, వచ్చే నెలది మరో రంగులో రావచ్చు. చదువురాని పెద్దవాళ్లు "ఇది నా గోలీ కాదు" అని పక్కన పెట్టేస్తారు. ఇంట్లో ఉన్న పిల్లలు ఆ షీటు మీద పేరు, మిల్లీగ్రాములు చదివి చెబితే చాలు. స్టాకు లేదంటే వచ్చేదాకా ఆగకుండా అదే పేరు, అదే మోతాదు జన ఔషధి కేంద్రంలో కొనుక్కోవాలి.

ప్రైవేటు క్లినిక్ సాయంత్రం కూడా తెరిచి ఉంటుంది, ఒకే డాక్టరు ఏళ్ల తరబడి చూస్తారు, మన ఇంటి సంగతులు ఆయనకు తెలిసి ఉంటాయి. ఉద్యోగస్తులకు ఇదే సులువు. ఇక్కడి చిక్కు ఏమిటంటే, ఒక డాక్టరు దగ్గర అంకె తగ్గలేదని మరొకరి దగ్గరికి, అక్కడి నుంచి ఇంకొకరి దగ్గరికి పాత కాగితాలు లేకుండా తిరుగుతాం, ప్రతిచోటా వైద్యం మొదటి నుంచి మొదలవుతుంది. నిమ్స్, గాంధీ, ఉస్మానియా వంటి పెద్ద ఆసుపత్రులూ, కార్పొరేట్ ఆసుపత్రులూ చిక్కుముడి కేసులకు తప్పనిసరి. సాధారణ బీపీకి నెలనెలా అక్కడి క్యూలో నిలబడాలనుకుంటే రెండో నెలకో మూడో నెలకో విసుగొచ్చి మాత్రలు తెగిపోతాయి.

నడిచి వెళ్లగలిగిన దూరంలో ఉన్నదాన్నే ఎంచుకోవాలని నా సలహా. ఎక్కడ చూపించుకున్నా, అంకె 140 పైనే ఉండి పాత మందులే మళ్లీ రాస్తే, "డాక్టరు గారూ, వారం రోజుల ఇంటి కొలతలు ఇవి, మోతాదు మార్చవలసిన అవసరం లేదంటారా?" అని మర్యాదగా అడగాలి. రద్దీలో ఉన్న డాక్టరుకు ఆ కాగితం నిజంగా ఉపకారం చేస్తుంది.

మాత్రల ఎంపిక

మందు రకాన్ని నిర్ణయించేది డాక్టరే. అయితే డాక్టరుతో మాట్లాడటానికి మనకు కొన్ని తేడాలు తెలిసి ఉండాలి.

ఒకే మందును మోతాదు పెంచుతూ పోవడమా, తక్కువ మోతాదులో రెండు మందులు కలపడమా అన్నది మొదటి ప్రశ్న. ఉన్న మందును రెట్టింపు చేస్తే వచ్చే అదనపు తగ్గుదల కంటే మరో తరగతి మందును జతచేస్తే వచ్చే తగ్గుదల దాదాపు అయిదు రెట్లు ఉంటుందని పరిశోధనల్లో తేలింది. దుష్ప్రభావాలు కూడా కలిపినప్పుడే తక్కువ. ఆమ్లోడిపిన్ మోతాదు పెంచితే కొందరికి చీలమండలు వాస్తాయి, సాయంత్రానికి చెప్పుల పట్టీ గుర్తు పడుతుంది. అలాంటప్పుడు మందు మొత్తం మానేయకుండా మోతాదు తగ్గించి టెల్మిసార్టాన్ వంటిది కలిపితే వాపు తగ్గడమే కాక బీపీ కూడా బాగా దిగుతుంది. "మాత్రలు రెండయ్యాయి, జబ్బు ముదిరిపోయింది" అని బెంగపడేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

రెండు మందులూ ఒకే మాత్రలో కలిసి వచ్చేది మరో ఎంపిక. రోజుకు ఒక్కటే వేసుకోవాలి కాబట్టి మరిచిపోవడం తగ్గుతుంది. షుగరు, కొలెస్ట్రాల్ మాత్రలతో కలిపి గుప్పెడు మింగవలసినవారికి ఇది పెద్ద ఊరట. మోతాదు ఇంకా కుదురుకోనివారికి, తరచూ మార్చవలసినవారికి విడివిడి మాత్రలే నయం.

బ్రాండా, జనరికా అన్నది ఇంట్లో ఎక్కువగా వాదన నడిచే విషయం. జన ఔషధి కేంద్రాల్లో ధర బ్రాండు మందు ధరలో సగం కంటే తక్కువ ఉంటుంది, పనితీరు అదే. నెల చివర డబ్బు చాలక మాత్రను రోజు విడిచి రోజు వేసుకునే పెద్దాయనకు జనరిక్ మారడం వల్ల జరిగే మేలు, బ్రాండు మీద నమ్మకం వల్ల జరిగే మేలుకంటే ఎన్నో రెట్లు ఎక్కువ.

పొద్దునా, రాత్రా? బ్రిటన్‌లో 21,000 మందికి పైగా రోగులతో చేసి 2022లో ప్రచురించిన టైమ్ అధ్యయనంలో గుండెపోటు, పక్షవాతం, మరణాల విషయంలో రెండింటికీ తేడా కనిపించలేదు. ఏ వేళ మరిచిపోరో ఆ వేళే మంచిది. మూత్రం ఎక్కువ చేసే మాత్ర మాత్రం పొద్దున వేసుకుంటే రాత్రి నిద్ర చెడదు. రంజాను ఉపవాసాలు ఉండేవారు ఇఫ్తారుకో సహరీకో మార్చుకోవచ్చు గానీ, నెల మొదలయ్యేలోపే డాక్టరుతో మాట్లాడి మార్చుకోవాలి.

ఇక కొన్ని హెచ్చరికలు. టెల్మిసార్టాన్, రామిప్రిల్ వంటివి గర్భిణులు వాడకూడదు, గర్భం కోసం ప్రయత్నిస్తున్నవారు ముందే డాక్టరుకు చెప్పి మార్పించుకోవాలి. వీటిని మొదలుపెట్టాక క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూపే రక్తపరీక్ష), పొటాషియం పరీక్షలు చేయించాలి. రామిప్రిల్, ఎనలాప్రిల్‌తో పొడిదగ్గు వస్తే దగ్గు మందులు తాగుతూ కూర్చోకుండా మాత్ర మార్పించుకోవాలి. మెటోప్రొలోల్, అటెనొలోల్, క్లోనిడిన్ మందులను ఒక్కసారిగా ఆపడం ప్రమాదం. మూత్రం మాత్రలు వాడే పెద్దవాళ్లకు ఏప్రిల్, మే ఎండల్లో సోడియం పడిపోయి మగత, తూలు రావచ్చు. ఎండాకాలంలో బీపీ సహజంగానే కొంత తగ్గి చలికాలంలో పెరుగుతుంది, కాబట్టి ఈ మార్పును చూసి సొంతంగా మానేయకుండా మోతాదు సవరించమని అడగాలి.

వంటింటి ఉప్పు

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు మనిషికి రోజుకు 5 గ్రాముల కంటే తక్కువ, అంటే ఒక చిన్న చెంచాడు. దీన్ని నెలకు లెక్కవేస్తే తేలిగ్గా అర్థమవుతుంది. నలుగురున్న ఇంటికి నెలకు 600 గ్రాములు, అందులోనే పచ్చళ్లు, అప్పడాలు, బయటి తిండి అన్నీ కలిసిపోవాలి. ఉప్పు ప్యాకెట్ విప్పిన తేదీ దాని మీదే పెన్నుతో రాసి, ఎన్నాళ్లకు అయిపోయిందో చూసుకుంటే ఇంటి అసలు లెక్క బయటపడుతుంది.

ఇక్కడ రెండు దారులు: ఉప్పు తగ్గించడం, లేదా సోడియం తక్కువగా ఉండి పొటాషియం కలిపిన ఉప్పుకు మారడం. రెండో దానికి గట్టి ఆధారం ఉంది. చైనాలో 600 గ్రామాల్లో జరిపి 2021లో ప్రచురించిన అధ్యయనంలో, మూడు వంతులు మామూలు ఉప్పు, ఒక వంతు పొటాషియం క్లోరైడ్ ఉన్న ఉప్పు వాడినవారిలో పక్షవాతం 14 శాతం తగ్గింది. రుచిలో తేడా స్వల్పం, వంట అలవాటు మార్చనక్కర్లేదు. అయితే కిడ్నీ జబ్బు ఉన్నవారికి, టెల్మిసార్టాన్, రామిప్రిల్, స్పైరోనోలాక్టోన్ వాడేవారికి రక్తంలో పొటాషియం ప్రమాదకరంగా పెరిగే అవకాశం ఉంది. బీపీ ఉన్నవారిలో చాలామంది వాడే మందులు ఇవే కాబట్టి డాక్టరును అడగకుండా ఇంటిల్లిపాదికీ ఆ ఉప్పు మొదలుపెట్టకూడదు. సైంధవ లవణం, రాళ్ల ఉప్పు ఈ కోవలోకి రావు. వాటిలోనూ ఉన్నది సోడియమే.

తగ్గించడం దగ్గరికి వస్తే, కూరలో చిటికెడు తగ్గించి, పక్కన ఆవకాయ, ఊరమిరపకాయలు, అప్పడం అలాగే ఉంచుకుంటే ఫలితం ఉండదు. పచ్చడిలో ఉప్పు లేకపోతే అది నిలవే ఉండదు కదా. ఆవకాయ పూర్తిగా మానమని చెప్పడం తెలుగు ఇంట్లో నిలిచే మాట కాదు. అందుకే రోజూ రెండు పూటలా కలుపుకునేదాన్ని ఆదివారానికి పరిమితం చేసుకుని, మిగతా రోజుల్లో నిమ్మకాయ, చింతపండు, కొత్తిమీర, పచ్చిమిర్చితో చేసిన రోటి పచ్చడిని ఉప్పు సగం వేసి తినడం నాకు ఆచరణలో నిలిచేదిగా కనిపిస్తుంది. పెరుగన్నంలోనూ మజ్జిగలోనూ పైన వేసుకునే ఉప్పును ముందుగా ఆపాలి, రెండు మూడు వారాల్లో నాలుక అలవాటు పడుతుంది. వీధి చివర మిర్చి బజ్జీ, హోటల్ బిర్యానీ, సాల్ట్ బిస్కెట్లు కూడా ఈ 600 గ్రాముల లెక్కలోవే.

మందు పనిని చెడగొట్టే ఇతర మందులు

మోకాళ్ల నొప్పులతో బాధపడే అమ్మలు డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మాత్రలను నెలల తరబడి వేసుకోవడం చాలా ఇళ్లలో చూస్తాం. ఇవి బీపీని పెంచుతాయి, బీపీ మాత్రల బలాన్ని తగ్గిస్తాయి, కిడ్నీలను దెబ్బతీస్తాయి. పారాసిటమాల్ పరిమితంగా, కాపడం, పైపూత మందు, తొడ కండరాల వ్యాయామం వీటికంటే మెరుగైన ఎంపికలు. జలుబు మాత్రల్లోని ఫినైలెఫ్రిన్, ఉబ్బసానికి ఎక్కువ రోజులు మింగే స్టెరాయిడ్ మాత్రలు, గర్భనిరోధక మాత్రలు, కషాయాల్లో పడే అతిమధురం, గ్యాసుకు రోజూ తాగే సోడా పొడులు కూడా బీపీని పెంచగలవు. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న ప్రతి షీటునూ, ప్రతి చూర్ణాన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లాలి.

నడక, బరువు, మద్యం గురించి అందరికీ తెలిసిందే కనుక క్లుప్తంగా చెబుతాను. వారానికి 150 నిమిషాల చురుకైన నడక, అది ఇందిరా పార్కులోనైనా ఇంటి మేడ మీదైనా ఒకటే. ఒక కిలో బరువు తగ్గితే పై అంకె సుమారు ఒక పాయింటు దిగుతుంది. మద్యం ఎంత తగ్గిస్తే అంత మేలు. ఇవి మాత్రలకు తోడే గానీ బదులు కావు.

ఎవరికి ఏది నప్పుతుంది?

నెల ఖర్చు గురించి ఆలోచించవలసిన కుటుంబానికి బస్తీ దవాఖానా, ఉచిత మందులు, అక్కడే నెలకోసారి కొలత సరిపోతాయి; మిషన్ కొనలేదని బెంగ అక్కర్లేదు. రాత్రి షిఫ్టుల్లో పనిచేసే హైటెక్ సిటీ ఉద్యోగికి సాయంత్రం క్లినిక్, కలిపిన ఒకే మాత్ర, ఇంటి మిషన్ బాగా నప్పుతాయి. మాత్ర వేళను గడియారంతో కాకుండా తాను నిద్రలేచే వేళతో ముడిపెట్టుకోవాలి. పిల్లలు విదేశాల్లో ఉండి ఒంటరిగా ఉన్న పెద్దవాళ్లకు వారం రోజుల అరల మాత్రల డబ్బా మంచి తోడు. ఆదివారం నింపి పెట్టుకుంటే వేసుకున్నదీ లేనిదీ అర చూస్తే తెలుస్తుంది, పిల్లలు వీడియో కాల్‌లో "అమ్మా, డబ్బా ఒకసారి చూపించు" అని అడగవచ్చు.

మూత్రం మాత్రతో సహా మూడు మందులు సరైన మోతాదులో, తప్పకుండా వేసుకుంటున్నా అదుపులోకి రానివారు, 30 ఏళ్లలోపే బీపీ వచ్చినవారు, పొటాషియం తక్కువగా ఉన్నవారు, గట్టిగా గురకపెట్టి పగలు కునుకుపాట్లు పడేవారు ఇక ఆలస్యం చేయకుండా పెద్ద ఆసుపత్రికి వెళ్లాలి. కిడ్నీ రక్తనాళాలు, అడ్రినల్ గ్రంథి, థైరాయిడ్, నిద్రలో ఊపిరి ఆగే జబ్బు వంటి మూలకారణం వారిలో దొరికే అవకాశం ఎక్కువ, దొరికితే దానికి వేరే వైద్యం ఉంది.

అంకె 180/120 దాటి, దానితోపాటు ఛాతీలో నొప్పి, ఆయాసం, తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, మూతి వంకర పోవడం, మాట తడబడటం, ఒక చెయ్యి లేదా కాలు పడిపోవడం వంటివి కనిపిస్తే ఇంట్లో అదనపు మాత్ర వేసి చూడకుండా వెంటనే 108కి ఫోన్ చేయాలి. పక్షవాతం లక్షణాలు ఉంటే బీపీ అంకె ఎంతున్నా అదే పని చేయాలి, మొదలైన సమయం గుర్తుపెట్టుకుని డాక్టరుకు చెప్పాలి, ఎందుకంటే గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు ఉన్న గడువు నాలుగున్నర గంటలే. లక్షణాలేవీ లేకుండా అంకె ఒక్కటే ఎక్కువగా ఉంటే కాసేపు ప్రశాంతంగా కూర్చుని మళ్లీ కొలిచి, ఆ రోజు మాత్ర మరిచిపోయి ఉంటే వేసుకుని, అదే రోజు డాక్టరుతో మాట్లాడాలి.